తొమ్మిది నిమిషాలకే అలిసిపోయే రేడియో

సరిగ్గా తొమ్మిది నిమిషాలు. స్విచ్ తిప్పాక లోపలి వాల్వులు, అదే గాజు గొట్టాలు, వేడెక్కడానికి ఓ అర నిమిషం పోద్దనుకోండి, అక్కణ్ణుంచి తొమ్మిది నిమిషాల దాకా రేడియో బంగారంలా పాడుద్ది, ఆ తర్వాత పాడేవాళ్ళకి జలుబు చేసినట్టు గొంతు మారడం మొదలవుద్ది, పన్నెండో నిమిషానికి ఆడగొంతో మగగొంతో తెలీదు, పదిహేనుకి గరగర తప్ప ఇంకేం మిగలదు. ఆపేసి ఓ అరగంట ఆగి మళ్ళీ పెడితే మళ్ళీ బంగారం. రెండున్నర నెలలు ఈ తొమ్మిది నిమిషాలతో కాపురం చేశాన్నేను. ఆదివారాలు పోయాయి, డబ్బులు పోయాయి, ఓసారి మోచేతి దాకా షాక్ కొట్టింది, ఇంట్లో మాటలు పడ్డా.

రేడియో మా అమ్మ వాళ్ళ నాన్నది. రేపల్లె దగ్గర ఊరు వాళ్ళది. 1962లో కొన్నారు, ఎలా తెలుసంటే లోపల ఓ కవర్లో లైసెన్సు పుస్తకం అలాగే ఉంది, ఏడాదికోసారి పోస్టాఫీసులో డబ్బు కట్టి స్టాంపు వేయించుకునేవాళ్ళు కదా, ఆ స్టాంపులన్నీ వరసగా ఉన్నాయి. ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు, 1980ల దాకా ఈ దేశంలో ఇంట్లో రేడియో పెట్టుకోడానికి లైసెన్సు కావాలి. అమ్మమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద గోనెసంచిలో చుట్టి ఉంది ఇది. మావయ్య పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానంటే నేను బతిమాలి హైదరాబాద్ తెచ్చుకున్నా. వస్తుంటే అమ్మ ఒకటే మాట అంది, "దానికి తొందరగా అలుపొచ్చేస్తదిరా, ఎక్కువసేపు మోగనియ్యకు" అని. వాళ్ళింట్లో అలాగే అనేవాళ్ళంట. ఏదో ముద్దుకి అనుకునే మాటలే అని నేను పట్టించుకోలా. ఆ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా దానికి.

చెక్క క్యాబినెట్, ముందు బంగారు దారం నేసిన గుడ్డ, గాజు డయల్ మీద కొలంబో, ఢిల్లీ అని ఊళ్ళ పేర్లు. డయల్ మీద కిలోహెర్ట్జులు కాదు, మీటర్లు ఉంటాయి, విజయవాడ 837 కావాలంటే 358 దగ్గర వెతుక్కోవాలి, హైదరాబాద్ 738 అయితే 406 దగ్గర. మూడు లక్షల్ని కిలోహెర్ట్జులతో భాగిస్తే మీటర్లొస్తాయి, అంతే. లోపల ఆరు వాల్వులు. స్టేషన్ పట్టేది ఈసీహెచ్81, దాన్ని పెంచేది ఈఎఫ్89, అందులోంచి మాట విడదీసి కొంచెం పెద్దది చేసేది ఈబీసీ81, స్పీకర్‌ని తోసేది ఈఎల్84, కరెంటుని డీసీ చేసేది ఈజడ్80, ఇంకోటి స్టేషన్ సరిగ్గా పట్టిందో లేదో చూపిస్తూ ఆకుపచ్చగా మెరిసే మ్యాజిక్ ఐ. ఆ రోజుల్లో మన దేశంలో అమ్మిన సెట్లలో బోలెడన్నింటికి ఇదే, లేదంటే ఇలాంటిదే కుటుంబం. కంపెనీ పేరు చెప్పను, అరవై ఏళ్ళు దాటిన వస్తువు పాడైందని ఎవర్నో అనడం ఏం న్యాయం.

క్యాబినెట్ సంగతి, పాలిష్ సంగతి ఇక్కడ రాయను, అది వేరే పోస్టు. ఎలకల గూడు తీశా, డయల్ దారం తెగిపోతే చేపల గాలం దారం కట్టా, అది జారిపోతుంటే విప్పి మళ్ళీ మామూలు నూలుదారమే వేశా. కరెంటు మాత్రం డైరెక్టుగా పెట్టలేదు. దయచేసి మీరు కూడా పెట్టకండి. అటక మీంచి దించిన రేడియోని ప్లగ్గులో పెట్టి చూద్దాం అనుకునేవాళ్ళు మొదటి నిమిషంలోనే ట్రాన్స్‌ఫార్మర్ కాల్చేసుకుంటారు. అరవై వాట్ల పాత బల్బుని సీరీస్‌లో పెట్టి దాని ద్వారా ఇచ్చా. లోపల షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుద్ది, రేడియో బతికిపోద్ది. మొదట భగ్గుమంది కూడా. డీసీలో మిగిలిన ఊగుడుని తీసేసే ఫిల్టర్ కండెన్సర్లు, అదే అల్యూమినియం డబ్బా, లోపల ఎండిపోయి షార్టయిపోయింది. దాన్ని పైకి అలంకారానికి ఉంచి కింద 47 మైక్రోఫారడ్ 450 వోల్టువి రెండు కొత్తవి కట్టా. బల్బు మందగించింది, గుయ్యిమనే హమ్ పోయింది, చాసిస్ కింద నుంచి, అంటే వాల్వులు బిగించిన రేకు పెట్టె కింద నుంచి, పాత దుమ్ము కాలుతున్న వాసన, మ్యాజిక్ ఐ కొంచెం పచ్చగా, స్పీకర్లోంచి ఎవరో వ్యవసాయం గురించి మాట్లాడుతున్నారు. అర్ధరాత్రి అనుకుంటారేమో, మిట్టమధ్యాహ్నం, అయినా ఎగిరి గంతేశా.

తొమ్మిది నిమిషాలు.

మొదట ట్యూనింగ్ జారుతోంది అనుకున్నా. వేడికి ఆసిలేటర్ జరుగుద్ది, స్టేషన్ పక్కకి పోద్ది, అది మామూలే. కానీ నాబ్ ఎటు తిప్పినా బొంగురు బొంగురే. పికప్ సాకెట్ ఉంది వెనక, గ్రామఫోను తగిలించుకునేది, దానికి ఫోన్ తగిలించి పాట పెట్టా. అదీ పదో నిమిషానికి బొంగురు. అంటే ముందున్న రెండు వాల్వులూ, స్టేషన్ సిగ్నల్‌ని వడగట్టే ఐఎఫ్ డబ్బాలూ నిర్దోషులు. తప్పు వెనక సగంలో ఉంది, సౌండు దారిలో. ఈ ఒక్క పరీక్షతో సగం రేడియో కొట్టేయొచ్చు, కొత్తగా చేసేవాళ్ళు మొట్టమొదట ఇదే చేయండి.

ఆ రాత్రి గదిలో లైటు ఆర్పేసి వెనక నుంచి చూస్తూ కూచున్నా. వాల్వు రేడియో చేసేవాళ్ళకి ఇదో అలవాటు, చీకట్లో అది అందంగా ఉంటది కాబట్టి చూస్తాం, పని ఏం ఉండదు. ఈసారి పనికొచ్చింది. హీటర్లు నారింజ రంగులో ఉండాలి, అది సరే. పదకొండో నిమిషంలో ఈఎల్84 లోపల బూడిద రంగు ప్లేటు ఉంటది కదా, ఎలక్ట్రాన్లని అందుకునేది, దాని అతుకు దగ్గర అగ్గిపుల్ల తలకాయంత ఎర్ర మచ్చ కనపడింది. చూస్తుండగానే అది పాకింది. ప్లేటు ఎర్రబడితే దాని అర్థం ఒకటే, ఆ వాల్వు తట్టుకోలేనంత కరెంటు మోస్తోంది. గబుక్కున ఆపేశా. ట్రాన్స్‌ఫార్మర్ మీద చేయి పెడితే మూడు లెక్కపెట్టేలోపు తీసేయాల్సి వచ్చింది.

మర్నాడు లెక్కలు. ఈఎల్84లో ఎలక్ట్రాన్లు చిమ్మేది క్యాథోడ్, దాని దగ్గర 150 ఓముల రెసిస్టెన్సు ఉంది. బాగున్నప్పుడు దాని మీద ఏడున్నర వోల్టులుండాలి, అంటే 50 మిల్లీయాంపులు. ఆన్ చేసిన కొత్తల్లోనే తొమ్మిది దాటి ఉంది. పన్నెండో నిమిషానికి 11.7. అంటే 78 మిల్లీయాంపులు. స్క్రీన్ అని లోపలే ఇంకో జాలీ ఉంటది, దానికి పోయే పది తీసేస్తే ప్లేటుకి 68, ప్లేటుకీ క్యాథోడ్‌కీ మధ్య 218 వోల్టులు, గుణిస్తే పదిహేను వాట్లకి ఒక పిసరు తక్కువ. ఈఎల్84 ప్లేటు మోయగలిగింది పన్నెండు. ఎర్రబడక ఏం చేస్తుంది.

ఇంత కరెంటు ఎందుకు మోస్తోంది? గ్రిడ్డు చెప్పినట్టు వింటుంది వాల్వు. కుళాయి మీద చేయి లాంటిది గ్రిడ్డు. అది క్యాథోడ్ కంటే ఏడు వోల్టులు కిందుంటే కుళాయి సరిపడా తెరుచుకుంటది, పైకి లేచేకొద్దీ ఇంకా తెరుచుకుంటది. ఈ సెట్లో గ్రిడ్డు నుంచి చాసిస్‌కి 680 కిలో ఓముల రెసిస్టెన్సు ఉంది, కాబట్టి గ్రిడ్డు మీద సున్నా ఉండాలి. మీటర్ పెట్టా. ప్లస్ ఎనిమిది.

ఇక్కడ పుస్తకం చదివినవాడెవడైనా వెంటనే కప్లింగ్ కండెన్సర్ అంటాడు. నేనూ అన్నా. ఈబీసీ81 ప్లేటు మీద 95 వోల్టుల డీసీ ఉంటది, దాని మీద సౌండు ఊగుతుంటది. ఆ ఊగేదాన్ని మాత్రం ఈఎల్84 గ్రిడ్డుకి పంపి, డీసీని ఇవతలికి రానివ్వకుండా కాపలా కాసేదే ఆ కండెన్సర్. పాయింట్ జీరో వన్ మైక్రోఫారడ్. కాగితం, రేకు కలిపి చుట్ట చుట్టి మైనంలో ముంచి తీసిన సరుకు. రేపల్లె సముద్రపు గాలికి కాగితం తేమ పీల్చకుండా ఉంటదా, అరవై ఏళ్ళకి కారకుండా ఉంటదా. దొంగ దొరికాడు అనుకుని ఊడదీసి బల్ల మీద పెట్టి మీటర్‌తో చూశా. కెపాసిటీ 0.0138. రాసిన దానికంటే ఎక్కువే చూపిస్తోంది, భేష్. ఓముల్లో పెట్టా, నా మీటర్ 40 మెగోముల దాకా కొలుస్తది, ఓఎల్ అని చూపించింది, అంటే తెగిపోయినట్టు, అంటే కారట్లేదన్నట్టు. రెండుసార్లు చూశా. మంచిదే అని మళ్ళీ పెట్టేశా. ఒరిజినల్ పార్టు కదా, ఉండనీ అని మురిసిపోయా కూడా.

అక్కడ పోయాయి నావి ఆరు వారాలు.

ఆ ఆరు వారాల్లో ఏమేం మార్చానో రాస్తే నాకే సిగ్గేస్తది. క్యాథోడ్ రెసిస్టెన్సు మార్చా, దాని పక్కన 25 మైక్రోఫారడ్ది మార్చా, గ్రిడ్డు రెసిస్టెన్సు మార్చా, ఈజడ్80 మీద అనుమానపడి ఇంకోటి కొన్నా, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీసి మళ్ళీ పెట్టా. ఈ గొడవలోనే ఓరోజు స్విచ్ కట్టేశా కదా అని చాసిస్‌లో చేయి పెడితే ఫిల్టర్ కండెన్సర్లో మిగిలిన కరెంటు లాగి కొట్టింది. ప్లగ్గు పీకినా 250 వోల్టులు అలాగే కూచుని ఉంటాయి అందులో, నాకు తెలుసు, తెలిసీ పెట్టా. ఇప్పుడు పది కిలో ఓముల పెద్ద రెసిస్టెన్సుకి రెండు క్లిప్పులు కట్టి దాంతో ఖాళీ చేసి, మీటర్‌లో సున్నా చూసి, అప్పుడు చేయి పెడుతున్నా. ఎడమ చేయి జేబులో. మా ఆవిడ ఆ రోజు నుంచి నేను రేడియో ముందు కూచుంటే వంటింట్లోంచి పది నిమిషాలకోసారి "ఉన్నారా?" అని అడుగుతుంది. "ఆ" అనాలి. అనకపోతే వచ్చేస్తది.

చివరికి తెనాలిలో రేడియో బాబాయికి ఫోన్ చేశా. మాకు చుట్టం కాదు, నాన్న వాళ్ళ రోజుల్నుంచీ మా రేడియోలన్నీ ఆయనే చూసేవాడు, పిల్లలందరం రేడియో బాబాయనే అనేవాళ్ళం. ఎనభై దగ్గర పడ్డాయి, చూపు ఆనట్లేదు, షాపు ఎప్పుడో తీసేశాడు, కానీ వాల్వు నంబర్ చెప్తే ఏ కాలు ఏదో కళ్ళు మూసుకుని చెప్తాడు. వివరంగా అంతా చెప్పా.

"గ్రిడ్డు మీద ఎంతుందన్నావ్?"

"ప్లస్ ఎనిమిది బాబాయ్."

"పాయింట్ జీరో వన్ మార్చావా?"

"అది బాగానే ఉంది బాబాయ్, ఊడదీసి చూశా."

"దేంతో చూశావు?"

"మీటర్‌తోనే."

అవతల నవ్వు. దగ్గు కలిసిన నవ్వు. "ఒరే అబ్బాయ్, నీ మీటర్లో బ్యాటరీ ఎంత? తొమ్మిది వోల్టులు. అందులో కూడా అది కండెన్సర్‌కి ఇచ్చేది ఒకటో అరో. ఆ కండెన్సర్ కాపురం చేసేది వంద వోల్టుల్లో, అదీ పొయ్యి పక్కన. చల్లగా బల్ల మీద పడుకోబెట్టి బాగున్నావా అంటే బాగున్నా అనక ఏవంటదిరా. ఒక కాలు ఊడదీసి సెట్టు ఆన్ చేసి చూడు."

వాళ్ళ రోజుల్లో డిజిటల్ మీటర్లు లేవుగా, చిన్న నియాన్ బల్బుని కండెన్సర్‌తో సీరీస్‌లో పెట్టి హైవోల్టేజి తగిలించేవాళ్ళంట. ఒకసారి మెరిసి ఆరిపోతే మంచిది, ఆగి ఆగి మళ్ళీ మెరుస్తుంటే చెత్తబుట్టలోకి. ఎంత బాగుందో చూడండి, పావలా బల్బుతో నా మూడువేల మీటర్ చెప్పలేనిది చెప్పేవాళ్ళు.

ఆయన చెప్పినట్టే చేశా. ఈఎల్84 వైపు కాలు ఊడదీసి గాల్లో వదిలేశా, రెండో కాలు ఈబీసీ81 ప్లేటుకే ఉంది. గాల్లో ఉన్న కాలికి ఎర్ర వైరు, చాసిస్‌కి నల్ల వైరు. మంచి కండెన్సర్ అయితే మీటర్ ఒకసారి ఎగిరి సున్నాకి జారిపోవాలి. ఎగిరింది, జారింది, 20 దగ్గర ఆగింది. అలా పెట్టి టీ తాగొచ్చా. వచ్చి చూస్తే 43. మీటర్ లోపలి అడ్డు పది మెగోములు, దాని మీద 43 వోల్టులంటే 4.3 మైక్రోయాంపులు, మిగతా 52 వోల్టులు కండెన్సర్ మీద, అంటే వేడెక్కాక దాని కారుడు కోటీ ఇరవై లక్షల ఓములు. వినడానికి ఎంత పెద్ద అంకె! కోటి ఓములంటే గోడ కట్టినట్టే అనిపిస్తది. కానీ అవతల 680 కిలో ఓములే ఉన్నచోట ఈ గోడలోంచి ఐదు వోల్టులు గ్రిడ్డు మీదకి చెమ్మలా దిగిపోతాయి. ఆ కెపాసిటీ ఎక్కువ చూపించిందని భేష్ అన్నా చూడండి, అది కూడా జబ్బు లక్షణమే, కారే కండెన్సర్లని మీటర్ పెద్దవిగా చూపిస్తుంది. ఒళ్ళు వాచినవాణ్ణి చూసి కండపట్టాడు అన్నట్టయింది నా పని.

మరి తొమ్మిది నిమిషాలెందుకు? అది ఈఎల్84 సాకెట్ పక్కనే వేలు మందం దూరంలో ఉంది. చాసిస్ వేడెక్కాలి, మైనం మెత్తబడాలి, అప్పుడు కారుడు పెరుగుద్ది. పెరిగితే వాల్వు ఎక్కువ మోస్తది, ఇంకా వేడి, ఇంకా కారుడు.

కొత్తది ఫిల్మ్ కండెన్సర్, పాయింట్ జీరో వన్, 630 వోల్టులు, కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నా, టీ ఖరీదు కూడా కాదు. ఊరికే అంటించేయొచ్చు, కానీ పాత ఒళ్ళు పారేయబుద్ధి కాలేదు. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ అడగకుండా తీసుకున్నా. వేడిగాలి పట్టిస్తే ముందు పైనున్న మైనం మెరుస్తది, తర్వాత అంచుల్లో చెమట పట్టినట్టు బొట్లు, ఇంకో నిమిషానికి లోపలి చుట్ట మొత్తం కాలు పట్టుకుని లాగితే అట్ట గొట్టంలోంచి జారి వచ్చేసింది. విప్పి చూశా ఆ చుట్టని. మూరెడు పొడుగు రేకు, మధ్యలో కాగితం, అంచున టీ మరకలాగా గోధుమరంగు, రేకు మీద అక్కడక్కడా తెల్లటి బూజులాంటి చుక్కలు. ఖాళీ అయిన గొట్టంలో కొత్తది దూర్చి, కరిగిన మైనమే మళ్ళీ పోసి మూతులు మూశా. పైకి చూస్తే 1962, లోపల నిన్నటిది. హెయిర్ డ్రయ్యర్‌కి మైనం వాసన నెలైనా పోలేదు, దాని గురించి ఇంతకంటే రాయను.

ఆన్ చేశా. గ్రిడ్డు మీద సున్నా. ఐదు నిమిషాలు, సున్నా. తొమ్మిది నిమిషాలు, 0.9. అనుకున్నా. పదిహేను నిమిషాలకి ప్లస్ మూడు. బొంగురు తగ్గింది కానీ పోలేదు. నిజంగా ఏడుపొచ్చింది. లెక్క చూస్తే అప్పుడు వెలిగింది, మొదట్లో ఎనిమిది కదా ఉంది, కండెన్సర్ వాటా ఐదే. మిగతా మూడూ ఎవరిది అని నేను అడగనే లేదు.

ఈసారి బాబాయికి ఫోన్ చేయకుండా ఆలోచించా. గ్రిడ్డుకి తగిలేవి మూడే, కండెన్సర్, రెసిస్టెన్సు, వాల్వు. సాకెట్‌ని కూడా కలిపితే నాలుగు, పాత సాకెట్లు మురికితో కాళ్ళ మధ్య కారతాయి. మీటర్ గ్రిడ్డు మీద ఉంచి, మూడు వోల్టులు చూపిస్తుండగా, గుడ్డ పట్టుకుని ఈఎల్84ని పైకి లాగేశా. సున్నా అయిపోయింది. అంటే సాకెట్ కాదు, కండెన్సర్ కాదు. వాల్వు లోపల్నుంచే వస్తోంది. ఇది చేసేముందు ఒక మాట, ఈఎల్84 పీకేస్తే లోడు తగ్గి వోల్టేజి బాగా పైకి లేస్తది, మీ ఫిల్టర్లు 450 వోల్టువి అయితేనే చేయండి, పాతవాటితో చేయకండి. గుడ్డ మందంగా ఉండాలి అని కూడా చెప్పాలి, నా బొటనవేలు సాక్షి.

జరిగిందేంటంటే, క్యాథోడ్ మీద బేరియం పూత ఉంటది, ఎలక్ట్రాన్లు చిమ్మేది అదే. ఏళ్ళ తరబడి వాల్వుని మాడిస్తే ఆ బేరియం కొంచెం ఆవిరై పక్కనే ఉన్న గ్రిడ్డు తీగల మీద పేరుకుంటది. అప్పుడు గ్రిడ్డు కూడా వేడెక్కితే తనూ ఎలక్ట్రాన్లు చిమ్మడం మొదలెడుతుంది. నాలుగున్నర మైక్రోయాంపులు చిమ్మినా చాలు, 680 కిలో ఓముల మీద మూడు వోల్టులు. అంటే కండెన్సర్ కారి వాల్వుని పాడుచేసింది, పాడైన వాల్వు కండెన్సర్‌కి తోడైంది. కండెన్సర్ ఒక్కటే మార్చి ఊరుకున్నా, వాల్వు ఒక్కటే మార్చి ఊరుకున్నా రేడియో బాగవదు. ఇంకో విషయం, కొత్త వాల్వు ముందు కొని ఉంటే దాన్నీ ఇదే కండెన్సర్ తినేసేది. ఆ రకంగా నా పిసినారితనం కలిసొచ్చింది.

వాల్వుకి రెండు దారులు. రష్యావాళ్ళ 6పీ14పీ అని ఉంటది, ఇదే వాల్వు, ఆన్‌లైన్‌లో దొరుకుద్ది. లేదంటే మన బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌ది, 1960ల్లో వాళ్ళు రేడియో వాల్వులు లక్షణంగా చేసేవాళ్ళు, పాత షాపుల్లో డబ్బాతో సహా ఇప్పటికీ తగులుతుంటాయి. నాకు జుమ్మెరాత్ బజార్లో ఓ గురువారం పొద్దున, తుప్పుపట్టిన ఫ్యాన్ రెగ్యులేటర్ల మధ్య, పాత ఆంప్లిఫయర్ చాసిస్ మీద రెండు ఈఎల్84లు కనపడ్డాయి. వాల్వు ఒక్కటి ఇవ్వమంటే ఇవ్వడు, చాసిస్ మొత్తం తీసుకోవాలన్నాడు. తీసుకున్నా. అది బాల్కనీలో ఉంది. దాని గురించి ఇంట్లో ఇంకా అడగలేదు.

రెండిట్లో ఒకటి పైన గెట్టర్, అదే లోపల మిగిలిన గాలిని పీల్చే మెరుపు పూత, తెల్లబడి ఉంది, అంటే గాలి దూరింది, పోయింది. రెండోదానికి అద్దంలా నల్లగా మెరుస్తోంది. పెట్టా. పది నిమిషాలు, ఇరవై, నలభై. గ్రిడ్డు మీద సున్నా, మైనస్ వైపు ఒక్క పిసరు. క్యాథోడ్ 7.6. యాభై మిల్లీయాంపులు. ప్లేటు మీద పదకొండు వాట్లు. లైటార్పి చూశా, హీటర్ నారింజ రంగు తప్ప ఎక్కడా ఎరుపు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ మీద చేయి పెట్టి ముప్ఫై లెక్కపెట్టా. రెండు గంటలు మోగించా ఆ రాత్రి. ఫ్లాట్లో ఎల్ఈడీ బల్బుల రొద ఉంది, అది ఈ రేడియో తప్పు కాదు, పక్కింటివాళ్ళవి ఆర్పమనలేం కదా.

బాబాయికి ఫోన్ చేసి చెప్తే, "రెండోవాడు కూడా ఉంటాడని నాకు తెలుసు, నువ్వే పట్టుకుంటావో లేదో చూద్దామని చెప్పలా" అన్నాడు. నమ్మాలో లేదో తెలీదు.

పోయిన నెల అమ్మ వచ్చింది. పొద్దున రేడియో పెట్టా, వార్తలొస్తున్నాయి. కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ గుడ్డ మీద చేయి వేసి కూచుంది. వార్తలు అయ్యాయో లేదో లేచి టక్కున కట్టేసింది. ఏంటమ్మా అంటే, "కాసేపు అలుపు తీర్చుకోనీరా" అంది. తాతయ్య వార్తలవగానే కట్టేసి అరగంట ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదంట, ఆ తర్వాతే పాటలు, పాటలు కూడా రెండు మూడు పాడి గొంతు మారగానే మళ్ళీ కట్టేసేవాడంట. రేడియోలన్నీ అంతే అనుకునేవాళ్ళంట వీళ్ళు. పెళ్ళయి మా నాన్న వాళ్ళింటికి వచ్చాక అక్కడి రేడియో పొద్దస్తమానం మోగుతుంటే కాలిపోతదేమోనని భయపడి నాలుగురోజులు అమ్మే కట్టేసిందంట. అమ్మ పెళ్ళి 1976లో. అంటే ఆ పాయింట్ జీరో వన్ అప్పటికే కారుతోంది.

నేను మళ్ళీ ఆన్ చేశా. అమ్మ కాసేపు విని, పప్పు చూసొస్తానని లేస్తూ మళ్ళీ కట్టేసి వెళ్ళింది.